పంటివేరునకు పైమూత



ఈ దినమున మీతో ముచ్చటింపదలచిన విషయము దంతవైద్యమునకు సంబంధించినది. పుచ్చిన పంటిని పెరికివేయక, దాని వేరులోని నాళమును శుభ్రపరచి, నింపి, మూసి, ఆ పంటినే నిలుపుకొను చికిత్స యొకటి కలదు. దానిని పట్టణములందును పల్లెలందును నేడు అందరును రూట్ కెనాల్ అనుచున్నారు. విస్సన్నపేట, తిరువూరు ప్రాంతముల గ్రామములలో ఆ మాట వినని పెద్దలు అరుదు. అయినను ఆ చికిత్సలో ఏ భాగము ముఖ్యమో, ఏది మిగిలిపోయినచో చేసినదంతయు వ్యర్థమగునో ఎరిగినవారు కొలదిమందియే. నొప్పి పోయినంతనే పని యైనదని తలచి నడుమ మానివేయువారు పెక్కురు. అట్టివారు కొంతకాలమునకు ఆ పంటినే పోగొట్టుకొందురు. పెట్టిన ధనమును, పడిన శ్రమయు, పన్నును మూడును పోవును. అట్లు పోకుండుటకు తెలిసికొనవలసిన సంగతి యొక్కటే. వేరును నింపుట సగము పని. పైన నీరు చొరని గట్టిమూత వేయుట తక్కిన సగము.

ఈ సంగతి మనస్సునకు పట్టవలెనన్న ముందుగా పంటి నిర్మాణము కొంత తెలియవలెను. పన్ను చూచుటకు రాతిముక్కవలె నుండును గాని అది జీవము గలది. దానిపైని తెల్లని పొరను ఎనామెల్ అందురు. మన శరీరములో నింతకంటె గట్టి పదార్థము వేరొకటి లేదు. ఎముకయు దీనికి చాలదు. దానిక్రింద లేత పసుపువన్నె గల డెంటీన్ అను పొర యున్నది. అది గట్టిదే యైనను, అందు కంటికి కనబడని సన్నని గొట్టములు లెక్కకు మిక్కిలిగా నుండును. ఆ గొట్టములలో తేమ యుండును. నడుమ నొక గుల్ల. ఆ గుల్లలో మెత్తని గుజ్జు. ఆ గుజ్జులో రక్తనాళములును నరములును గలవు. ఈ గుజ్జే సన్నని నాళముగా వేరులోనికి దిగి, వేరుకొనయందలి రంధ్రముగుండ దవడయెముకతో సంబంధము కలిగియుండును. ముందరి పంటికి సాధారణముగా నొక్క నాళమే యుండును. నమలు దంతములకు మూడు, నాలుగు నాళములు గూడ నుండును.

పన్ను పుచ్చుట పురుగువలన నని మనవారిలో చిరకాలముగా నొక నమ్మకము కలదు. వాకుడు గింజల పొగ పట్టించి, పురుగులు రాలినవని చూపించువారును ఉండెడివారు. పంటిలో కంటికి కనబడు పురుగు ఉండదు. నోటిలో నెల్లప్పుడు నుండు సూక్ష్మజీవులు మనము తిను బెల్లము, చక్కెర, పిండిపదార్థములను పులియజేసి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము ఎనామెల్‌ను కరగించి గుంట చేయును. గుంట డెంటీన్‌ను దాటి గుజ్జును చేరినప్పుడు, చల్లనీరు తగిలిన జివ్వుమనుట, రాత్రివేళ పోటు, నిద్రలేమి మొదలగునవి కలుగును.

ఇక్కడ నొక ప్రయోగమును చెప్పవలెను. 1965లో అమెరికాలో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అను మువ్వురు కొన్ని ఎలుకల దంతములకు తొలిచిపెట్టి, గుజ్జు బయటపడునట్లు చేసిరి. వానిలో కొన్ని సామాన్యమైన ఎలుకలు. కొన్ని పుట్టినది మొదలు సూక్ష్మజీవులు లేని గదిలో పెంపబడినవి. సామాన్యమైన ఎలుకల పంటిగుజ్జు కుళ్లిపోయి, వేరుకొన చీము పట్టినది. సూక్ష్మజీవులు లేని ఎలుకలకు మాత్రము గుజ్జు చావలేదు. రంధ్రమునకు అడ్డముగా క్రొత్త డెంటీన్ పెరిగి దానంతట నదియే మూసికొనినది. రంధ్రము రెంటికిని సమానమే. తేడా సూక్ష్మజీవులలోనే యున్నది. కావున పంటివేరు చికిత్స యనగా సూక్ష్మజీవులను వెడలగొట్టుటయు, మరల రానీయకుండుటయు అని గ్రహింపవలెను. ఈ రెండవ మాటయే నేటి ప్రసంగమునకు ప్రాణము.

గుజ్జు చచ్చిన తరువాత నొక మోసము జరుగును. నరము చచ్చినది గావున నొప్పి తగ్గును. రోగము కుదిరినదని మనము సంతోషింతుము. కాని కుళ్లు వేరునాళములో నుండి క్రిందికి దిగి, ఎముకలో చీముగడ్డగా మారుచుండును. కొన్ని నెలలకు దవడ వాచును. లేదా చిగురుపై చిన్న పొక్కు లేచి చీము కారును. అప్పుడు అంగడిలో దొరకు బిళ్లలు మ్రింగుట మనలో అలవాటు. చీమును చంపు మందు వాపును కొంత తగ్గింపగలదు గాని, చచ్చిన గుజ్జులోనికి రక్తము ప్రవహింపదు గనుక మందును అచ్చటికి చేరదు. మూలము అట్లే యుండును.

నొప్పిబిళ్లల విషయమై ఈ ప్రాంతపు పెద్దలు మరింత జాగ్రత్త వహింపవలెను. మన సమీపమున ఏ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఏండ్లతరబడి జనులను పీడించుచున్న సంగతి మీకు తెలియనిది కాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిబిళ్లలు మూత్రపిండములు బలహీనముగా నున్నవారికి హాని చేయును. పంటినొప్పికై వారములతరబడి వానిని మ్రింగుట, పన్నును నిలుపదు. మూత్రపిండములను మాత్రము చెరుపవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడుగక ఆ బిళ్లలను ముట్టరాదు.

ఇక చికిత్స సంగతి. వైద్యుడు పంటికి మత్తుమందు ఇచ్చి, పైన చిన్న ద్వారము చేసి, సన్నని లోహపు ఆకురాళ్లతో నాళమును లోపల గీకి శుభ్రపరచును. సోడియం హైపోక్లోరైట్ అను ద్రవముతో మాటిమాటికి కడుగును. ఇది బట్టలు తెల్లబరచు ద్రవముల జాతికి చెందినది. కుళ్లిన గుజ్జును కరగించి సూక్ష్మజీవులను చంపును. ఈ పని జరుగునప్పుడు నోటి ఉమ్మి పంటిలో పడకుండ రబ్బరుతెరను పంటి చుట్టును బిగింతురు. ఆ తెరను 1864లో న్యూయార్కు నగరపు బార్నమ్ అను దంతవైద్యుడు మొదట వాడెను. ఉమ్మిలో కోట్లకొలది సూక్ష్మజీవులు కలవు. తెర లేక చేసిన శుభ్రత, వానకు తలుపు తెరచి ఇల్లు తుడిచినట్లగును.

శుభ్రమైన నాళమును నింపుటకు వాడునది గట్టాపెర్చా. ఇది మలయా ద్వీపముల చెట్లపాలనుండి తీయు జిగురు, రబ్బరునకు దాయాది. 1851లో ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమ సముద్రము క్రింద వేసిన తంతితీగెకు నీరు చొరకుండ దీనినే తొడిగిరి. 1867లో అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణపు బౌమన్ దీనితో పంటినాళమును నింపెను. నూటయేబది యేండ్లు గడచినను నేటికిని దీని స్థానమును మరియొక పదార్థము పూర్తిగా ఆక్రమింపలేదు. వేడికి మెత్తనగును, శరీరమునకు హాని చేయదు, అవసరమైనచో మరల తీసివేయవచ్చును. దీనికి లోపమొక్కటే. ఇది పంటిగోడకు అంటుకొనదు. అందుచేత గోడకును దీనికిని నడుమ పలుచని సిమెంటు పూయుదురు. ఆ సిమెంటు ఖాళీలను పూరించును గాని, కాలక్రమమున నోటి తేమకు కొంత కరగును.

మన పెద్దలు ధాన్యమును నేలలో పాతర వేయు పద్ధతి మీరెరిగినదే. గొయ్యి త్రవ్వి, గోడలు అలికి, అడుగున గడ్డి పరచి, ధాన్యము పోసి, పైన మట్టితో మూయుదురు. లోపల ఎంత జాగ్రత్త చేసినను, మూత బీటవారి వాననీరు దిగినచో ధాన్యమంతయు ముక్కి మాడిపోవును. పంటివేరు అట్టి పాతరయే. దాని అడుగున వేరుకొన, పైన నోరు. అడుగునుండి వచ్చు హానికంటె పైనుండి దిగు హాని తక్కువది కాదు. 1990లో టొరాబినెజాద్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, పెరికిన దంతముల నాళములను చక్కగా నింపి, పైన మూత వేయక ప్రయోగశాలలో పరీక్షించిరి. వానిలో సగమునకు పైబడిన దంతములందు ఒక జాతి సూక్ష్మజీవి 19 దినములలోను, మరియొక జాతి 42 దినములలోను పైనుండి వేరుకొనవరకు దిగినవి. వేరు నింపుట ఎంత బాగుగా జరిగినను, మూత లేనిచో దాని ఆయువు వారములే యని దీనివలన తేలినది.

ఈ మూతను అంటించు విద్య యెట్లు పుట్టినదో చూతము. సైకిలు చక్రపు ట్యూబునకు చిల్లి పడినప్పుడు ఆ పనివాడు ఏమి చేయును? చిల్లి చుట్టును గరుకురాతితో రుద్దును, దుమ్ము తుడుచును, తడి లేకుండ ఆరబెట్టును, జిగురు రాచి కొంతసేపు ఆగును, తరువాత ముక్క నంటించి అదుమును. నునుపైన చోటను, తడి చోటను అతికిన ముక్క నిలువదు. పంటికిని అదే న్యాయము. ఎనామెల్ నునుపైనది, దానికేదియు అంటదు. 1955లో అమెరికాలోని రాచెస్టరులో బ్యూనోకోర్ అను దంతవైద్యుడు, ఎనామెల్‌పై ఫాస్ఫారిక్ ఆమ్లమును కొద్దిసేపు ఉంచి కడిగినచో, దానిపై కంటికి కానరాని గుంటలేర్పడి, జిగురు వానిలోనికి దిగి పట్టుకొనునని కనిపెట్టెను. 1962 ప్రాంతమున బోవెన్ అను నాతడు అందుకు తగిన రెసిన్ అను జిగురుపదార్థమును సిద్ధపరచెను. దానిలో సన్నని గాజుపొడి కలిపి పంటి గుంటలను నింపుట మొదలైనది. మన కొండపల్లి బొమ్మలవారు చింతగింజల పిండితో రంపపుపొట్టు కలిపి మక్కు చేసి, బొమ్మ ముక్కల నతుకుదురు గదా! జిగురొకటి, దానికి బలమిచ్చు పొడి యొకటి. ఈ దంతపు మక్కును నీలికాంతి చూపి కొన్ని క్షణములలో గట్టిపరతురు.

ఎనామెల్‌కు అంటించుట సులభమైనది. డెంటీన్‌కు అంటించుట కష్టమైనది. అందులో తేమయు, మాంసపు పీచువంటి కొలాజెన్ పదార్థమును ఉన్నవి. 1982లో జపాను దేశపు నకబయాషి, జిగురు ఆ పీచులోనికి ఇంకి రెండును ఒక్క పొరగా కలిసిపోవునని చూపెను. అప్పటినుండి డెంటీన్‌కును మూత అతికించుట సాధ్యమైనది.

ఇంత జరిగిన పిమ్మట దంతవైద్యులకొక గొప్ప యాశ పుట్టినది. పంటి పైభాగమునకు ఇట్లు అంటినప్పుడు, వేరునాళములో కూడ ఈ జిగురునే పోసి, అడుగునుండి పైవరకు గోడలతో ఏకముగా అతికినచో, సూక్ష్మజీవులు దూరుటకు సందే యుండదు గదా యనుకొనిరి. పైగా బలహీనమైన వేరు గట్టిపడుననియు తలచిరి. 2004లో గట్టాపెర్చాకు బదులుగా రెసిలాన్ అను పదార్థమును, దానికి తగిన రెసిన్ జిగురును వైద్యులముందుకు తెచ్చిరి. నాళము, జిగురు, నింపిన పదార్థము మూడును ఒక్క దిమ్మగా నగునని చెప్పిరి. లోకమంతట ఎందరో దానిని స్వీకరించిరి.

కాని ఆ యాశ ఫలింపలేదు. కారణములు నాలుగు.

మొదటిది కుదించుకొనుట. రెసిన్ గట్టిపడునప్పుడు నూటికి రెండు మూడు పాళ్లు తగ్గిపోవును. తడిసిన రేగడినేల వేసవిలో ఎండి బీటలు వారుట మీరు చూచినదే. విశాలమైన చోట అతికిన పొర, అతకని వైపునకు లాగుకొని సర్దుకొనగలదు. ఇరుకైన నాళములో నాలుగు దిక్కుల గోడలే గాని విడుపైన వైపు లేదు. అతికిన వైశాల్యమును అతకని వైశాల్యముతో భాగించిన లెక్క, పంటిపైని మామూలు గుంటలో అయిదు ఉండగా, వేరునాళములో వేయికి మించవచ్చునని పరిశోధకులు లెక్కించిరి. అందుచేత జిగురు తనను తానే గోడనుండి లాగివేసికొనును.

రెండవది వెలుతురు. గట్టిపరచు నీలికాంతి నాళపు లోతునకు చేరదు.

మూడవది, నాళమును కడుగు హైపోక్లోరైట్ డెంటీన్‌లో ప్రాణవాయువును మిగిల్చి, రెసిన్ గట్టిపడకుండ అడ్డుపడును. దీనికి విరుగుడుగా ఉసిరికాయలో నుండునట్టి ఆస్కార్బిక్ ఆమ్లపు ఉప్పు పనిచేయునని ప్రయోగశాలలో తేలినది గాని, వాడుకలో శ్రమ మిక్కిలి.

నాలుగవది కాలము. నీటివలనను, డెంటీన్‌లోనే యుండు కొన్ని జీవరసములవలనను, జిగురు పట్టుకొనియున్న ఆ కొలాజెన్ పీచు ఏండ్లు గడచినకొలది చీకిపోవును. రెసిలాన్‌లోని ముఖ్యపదార్థము సూక్ష్మజీవుల రసములకు కరగుననియు తెలిసినది.

2017లో ప్రకటింపబడిన ఒక దీర్ఘకాల పరిశీలనలో, గట్టాపెర్చాతో నింపిన దంతములకంటె రెసిలాన్‌తో నింపినవి చాల అధికముగా విఫలమైనట్లు కనబడినది. ఆ పదార్థము అప్పటికే అంగడినుండి తొలగిపోయినది. క్రొత్తది గావున గొప్పదని నమ్మరాదనుటకు ఇది యొక నిదర్శనము. దానిని పరీక్షించి, ఫలితమును దాచక చెప్పినవారు దంతవైద్యులే యగుట ఆ వృత్తికి గౌరవము.

ఇప్పుడు వేరులోపల మరల గట్టాపెర్చాయే వాడుచున్నారు. దానితోడి సిమెంటు మాత్రము మెరుగుపడినది. 1993 ప్రాంతమున ఇంతకుముందు చెప్పిన టొరాబినెజాద్ కాలిఫోర్నియాలో నొక క్రొత్త సిమెంటును ప్రవేశపెట్టెను. అది ఇండ్లు కట్టు పోర్ట్‌లాండు సిమెంటు జాతిదే. మన జగ్గయ్యపేట వైపున తయారగు సిమెంటునకు అది దూరపు బంధువు అనవచ్చును. శుద్ధిచేసి, ఎక్స్‌రే పటములో కనబడుటకు మరియొక పదార్థము కలిపినది. తేమయందే గట్టిపడుట దాని గుణము. వేరుకొనలో తేమ తప్పదు గావున అచ్చట నది యుపయోగించును. నేడు కాల్షియం సిలికేటు సిమెంటులని వాడుచున్నవి ఆ వంశమువే. ఇంటి సిమెంటును నోటిలో పెట్టవచ్చునని యెవరును భ్రమపడరాదు.

అయినచో అంటించు విద్య వేరుచికిత్సకు పనికిరాదా? పనికివచ్చును, దాని చోటు వేరు. పాతర లోపల కాదు, పాతర నోటికడ. వైద్యుడు నాళమును గట్టాపెర్చాతో నింపిన పిమ్మట, నాళపు నోటికడ రెండు మూడు మిల్లీమీటర్ల మేర దానిని తీసివేసి, ఆ గుంటలో అంటుకొను పదార్థమును పెట్టును. అచ్చట చోటు విశాలము, కాంతి చేరును, గోడలు శుభ్రపరచుటకు కంటికి కనబడును. దానిపై పంటి గుంటనంతయు రెసిన్‌తో గాని తగిన మరియొక పదార్థముతో గాని నింపును. ఆపైన నమలు దంతములకు లోహపు టోపీయో పింగాణి టోపీయో తొడుగును. దీనినే జనులు క్యాపు అందురు. ఇది మూడు అంచెల మూత.

ఈ మూత యెంత ముఖ్యమో లెక్కలు చూడుడు. 1995లో రే, ట్రోప్ అను నిద్దరు అమెరికాలో వేరుచికిత్స జరిగిన 1010 దంతముల ఎక్స్‌రే పటములను పరిశీలించిరి. వేరు నింపుటయు, పైమూతయు రెండును చక్కగా నున్న దంతములలో నూటికి 91 వేరుకొన రోగము లేక యుండెను. రెండును చెడ్డవైనచోట నూటికి 18 మాత్రమే రోగము లేక యుండెను. వేరు చక్కగా నింపియు, పైమూత చెడ్డదైనచోట 44. వేరు సరిగా నింపకపోయినను మూత చక్కనిదైనచోట 67. తరువాతి పరిశీలకులలో కొందరు వేరు నింపుటకే ఎక్కువ ప్రాధాన్యమిచ్చిరి; మరికొందరు రెండును సమానముగా కావలెనని తేల్చిరి. మూతను మాత్రము తక్కువగా చూడరాదు. 2002లో అయోవా రాష్ట్రమున చేసిన మరియొక పరిశీలనలో, వేరుచికిత్స జరిగియు టోపీ తొడుగని దంతములు, టోపీ గల దంతములకంటె ఆరురెట్లు అధికముగా ఊడిపోయినట్లు తెలిసినది. పైభాగమున గోడలు కృశించిన పన్ను గట్టి పదార్థమును కొరికినప్పుడు నిలువునా చీలును. వేరుదాక చీలిన పంటిని నిలుపుట దుస్సాధ్యము.

మన తెలుగుసీమలో నింకొక చిక్కు గూడ కలదు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నుండు గ్రామములలో పిల్లల దంతములపై గోధుమవన్నె మచ్చలేర్పడును. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని షార్టు మొదలగు వైద్యులు పరిశీలించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లా దీనికి చాలకాలము ప్రసిద్ధి కెక్కినది. ఇట్టి ఎనామెల్ ఆమ్లమునకు సులభముగా లొంగదు. అందుచేత జిగురు పట్టు తగ్గును; ఆమ్లమును మరికొంతసేపు ఉంచుటయో, పైపొరను కొంత గీయుటయో అవసరమగును. కావున బాల్యమున అట్టి నీటిని త్రాగిన ఊరివారు ఆ సంగతి వైద్యునితో చెప్పుట మంచిది.

లవంగనూనె విషయము గూడ చెప్పవలెను. పంటిపోటునకు లవంగనూనె అద్దుట మన ఇండ్లలో పురాతనమైన వాడుక. దానిలోని యూజినాల్ అను పదార్థము నొప్పిని కొంత శాంతింపజేయును. దంతవైద్యులును జింకు భస్మముతో దానిని కలిపి తాత్కాలికపు సిమెంటుగా నేటికిని వాడుదురు. కాని యూజినాల్ రెసిన్‌ను గట్టిపడనీయదు. కావున గట్టిమూత వేయించుకొనుటకు పోవుదినములలో పంటిలో లవంగనూనె పోసికొనినచో, ఆ మాట వైద్యునికి తెలుపవలెను.

ఇప్పుడు చేయవలసిన పనులు వరుసగా చెప్పెదను.

మొదటిది: చికిత్సకు పోవుటకు ముందే, ఎన్ని మార్లు రావలెనో, టోపీతో సహా మొత్తము వ్యయమెంతయో అడిగి, ఆ వ్యయమును సమకూర్చుకొన్న తరువాతనే మొదలుపెట్టవలెను. వేరు నింపుటకు మాత్రము ధనముండి టోపీకి లేకపోవుటయే నడుమ మానుటకు ముఖ్యకారణము. వ్యయము భరింపలేనివారికి విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు దాని ఆసుపత్రియు ఉన్నవి. గన్నవరమునకు దగ్గర చిన అవుటపల్లిలో సిద్ధార్థ దంతవైద్య కళాశాల కలదు. విస్సన్నపేటనుండి ఈ రెండు చోట్లకును బస్సు ప్రయాణమే గాని దూరదేశయాత్ర కాదు.

రెండవది: నడుమ పెట్టు తాత్కాలికపు సిమెంటును రెండు మూడు వారములకు మించి నమ్మరాదు. మామిడికోతయనియో, వరికోతయనియో, పెండ్లియనియో వాయిదా వేయుచు పోయినచో, మునుపు చెప్పిన 19 దినముల లెక్క తప్పదు. కోతలున్నవని ముందే తెలిసినచో, వైద్యునితో చెప్పి అవి ముగిసిన పిమ్మట మొదలుపెట్టుట మేలు. చీము, వాపు లేనప్పుడు మాత్రమే ఈ మాట. ఆ సిమెంటు ఊడినచో నొప్పి లేకపోయినను మరునాడే పోవలెను.

మూడవది: మూత అతికించునప్పుడు ఉమ్మి తగిలినచో అతుకు చెడును. రబ్బరుతెర బిగించినప్పుడు ఊపిరాడదని భయపడి పీకివేయుమనరాదు. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసినచో కష్టముండదు. తెర వాడుదురా యని ముందుగా అడుగుట తప్పు కాదు.

నాలుగవది: పని ముగిసిన తరువాత వేరు నింపిన పటమును అడిగి తీసికొని ఇంట భద్రపరచుడు. ఏడాదికి మరల తీసిన పటముతో పోల్చినప్పుడు వేరుకొన మానినదో లేదో తెలియును.

అయిదవది: మూత శాశ్వతమని తలచి శుభ్రత మానరాదు. టోపీకిని పంటికిని నడుమ అంచున మరల పుచ్చు పట్టవచ్చును. ఉదయమును, రాత్రి పరుండబోవునప్పుడును తోముకొనవలెను. మధుమేహము గలవారికి చిగుళ్లవ్యాధి త్వరగా వచ్చును గావున వారు మరింత శ్రద్ధ వహింపవలెను.

ప్రతి పంటిని నిలుపవచ్చునని నేను చెప్పుట లేదు. వేరు నిలువునా చీలినను, చిగురు క్రిందివరకు పన్ను కరగిపోయినను, చుట్టునున్న ఎముక క్షీణించినను పెరికివేయుటయే ధర్మము. అట్లని నిలుపదగిన పంటిని, అరవైయేండ్లు దాటినవాడు ఇంకెంతకాలము తినునులే యని పెరికించుట న్యాయము కాదు. వార్ధక్యమున జొన్నరొట్టె నమలుటకు, పప్పు కూరలు రుచి తెలిసి తినుటకు, మాట స్పష్టముగా పలుకుటకు పండ్లు కావలెను. ఒక నమలుపన్ను పోయిన వెనుక దానికెదుటి పన్ను దిగజారును, ప్రక్కది ఒరగును. ఒకటి పోవుట ఒకదానితో ఆగదు.

చివరగా నొక హెచ్చరిక. దవడక్రింద, గొంతు ప్రక్క వాపు పెరుగుచు, నోరు తెరువలేక, మ్రింగుట కష్టమై, జ్వరము వచ్చినచో, అది పంటినొప్పి యని ఇంట కూర్చుండరాదు. పంటి చీము మెడలోనికి దిగి ఊపిరిని అడ్డగింపగలదు. రాత్రియైనను వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

పెద్దలారా! ఇంట ఎవరికైన వేరుచికిత్స మొదలైనచో, పైమూత పడువరకు వారిని విడువకుడు. నొప్పి పోయినది గదా యని వారు తప్పించుకొనజూచినను, చేయిపట్టి మరల వైద్యునికడకు పంపుడు. కుటుంబములో మీ మాటకు నేటికిని బలము కలదు. ఆ బలమును ఈ చిన్న పనికి వినియోగించినచో నొక పన్ను నిలుచును, పెట్టిన ధనము దక్కును.